రోంత నోరు తెరువప్పా

మా పళ్ళ డాక్టరుగారు పోయారన్న కబురు నాకు వంటింట్లో తెలిసింది. మంగళవారం పొద్దున, ఎగైలాలో నేను వంట చేసే కువైటీల ఇంట్లో, మధ్యాహ్నం భోజనానికి ఉల్లిపాయలు తరుగుతున్నాను. పక్కింట్లో కారు నడిపే రాయచోటి డ్రైవరు ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపించాడు. "అన్నా, పళ్ళ డాక్టరు సారు పోయినాడంట. నిన్న సాయంత్రం క్లినిక్కు మూసి ఇంటికి పోయినాక గుండె పట్టేసిందంట. రెండు నెలల్నించి నొప్పి వస్తానే ఉండాదంట. సెలవుకు పోయినప్పుడు ఊర్లో చూపించుకుంటాలే అన్న్యాడంట." ఆ మాటలు మూడుసార్లు విన్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సెలవు దాకా దాచుకున్నారట. ఇంకెవరైనా అయితే సరే అనుకునేవాణ్ణి. ఆయనా?

ఆయన కడప మనిషి. ఫహాహీల్‌లో, సెల్‌ఫోన్ల దుకాణాల వరస మీద, మెట్లెక్కి వెళ్ళే ఒక చిన్న క్లినిక్కులో చాలా ఏళ్ళుగా పళ్ళ డాక్టరు. నేను కోనసీమ వాణ్ణి, వంటవాణ్ణి. నాలుకే నా పనిముట్టు. అది ఈరోజు నా నోట్లో ఉండి, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పగలుగుతోందంటే ఆయన చలవే. అది మళ్ళీ పాడవలేదు కదా అని మూడు నెలలకోసారి పట్టుకు లాగి చూసింది కూడా ఆయనే. ఇప్పుడెవరు చూస్తారన్న భయం ఒకవైపు, పోయిన మనిషి మీద కోపం ఒకవైపు. అందుకని ఇది చదివేవాళ్ళు పొగడ్తలు ఎదురుచూడొద్దు. ఆయనతో వేగడం మాటలు కాదు.

ముందు మా జబ్బు సంగతి చెప్పాలి. కువైట్‌లో ఉన్న మన తెలుగువాళ్ళం ఏ నొప్పి వచ్చినా సెలవుకి దాచుకుంటాం. ఇక్కడెందుకు, ఊరెళ్ళినప్పుడు చూపించుకుందాం అంటాం. ఆ సెలవు రెండేళ్ళకోసారి వస్తుంది. వచ్చాక పెళ్ళిళ్ళు, తద్దినాలు, పిల్లల కాలేజీ సీట్లు, ఇంటికి సున్నాలు. పన్ను గుర్తొచ్చేది తిరుగు విమానంలో, వాళ్ళిచ్చిన గట్టి రొట్టె కొరికినప్పుడు. డాక్టరుగారు వీటికి సెలవు పళ్ళని పేరు పెట్టారు. అరబ్బీ బోర్డుకీ ఇంగ్లీషు బోర్డుకీ మధ్య ఒక తెల్ల కాగితం అంటించి, దాని మీద చేత్తో తెలుగులో రాశారు: "సెలవు దాకా పళ్ళు ఆగవు. ఆగుతాయనుకునేవాళ్ళు కూర్చోవద్దు." ఆ కాగితం కింద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ సెలవు పళ్ళవాళ్ళే. నేను కూడా.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా బుగ్గ బూరెలా వాచింది. కుర్చీలో వెనక్కి వాల్చి, "రోంత నోరు తెరువప్పా" అన్నారు. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి రోంత ఏం తెలుస్తుంది? అదేదో మందు పేరనుకుని, ఆ మందు పోస్తారని చూస్తూ కూర్చున్నాను. కాస్త అని అర్థమని తర్వాత తెలిసింది. ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. రోంత తెరువు అంటే దవడ ఊడిపోయేదాకా తెరవాలి. రోంత నొప్పి అంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోవాలి. రోంత సేపు అంటే ఆ పూటకి పని మానుకోవాలి.

"ఏంది ఇది, చిగురంతా తెల్లగా కాలిపోయిండాది. ఏం పెట్టినావ్?" అన్నారు.

"నొప్పి బిళ్ళండి. పన్ను పక్కనెట్టి నొక్కితే లాగేత్తాదన్నారండి."

"బిళ్ళ మింగేదానికప్పా. తలనొప్పి వస్తే నెత్తిన పెట్టుకుంటావా?"

"ఆయ్, తప్పయిపోయిందండి. ఆ పన్ను పీకెయ్యండి డాక్టరుగారండీ. ఖలాస్."

ఖలాస్ అంటే అయిపోయింది అని. ఇక్కడ వారం రోజులుంటే ఎవరి నోటికైనా ఆ మాట అంటుకుంటుంది. ఆయనకి మాత్రం ఆ మాట గిట్టదు. చేతిలో ఉన్న చిన్న అద్దం పళ్ళెంలో పెట్టేశారు.

"పీకేది నాకు రెండు నిమిషాల పని. నీకు ఖలాస్ కాదు, ఆడ్నుంచే మొదలు. ఆ సందులోకి పక్కపన్ను వంగుతాది, పైపన్ను కిందికి దిగుతాది. మూడేండ్లకు ఆ పక్క నమిలేదానికి ఏమీ ఉండదు. మూడుసార్లు రా. వేరు లోపలంతా శుభ్రం చేసి మూస్తా, పైన తొడుగు వేస్తా. నీ పన్ను నీకే ఉంటాది."

"నాకు శుక్కురారం సగంపూటేనండి వదుల్తారు."

"శుక్రవారం రా. జుమ్మా నమాజు అయినాక తెరుస్తా."

శుక్రవారం క్లినిక్కుకి సెలవని ఆయన నాకు చెప్పలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు మెట్ల దగ్గర లైట్లు కూడా లేకపోతే నాకు అర్థమైంది. నర్సు ఉండదు, ఆయనే లైటు సర్దుకుని, ఆయనే గొట్టం పట్టుకుని, ఆయనే దూది అందుకునేవారు. ఆ మంచితనానికి మనం కరిగిపోకుండా పని జరిగినంతసేపూ తిట్టేవారు. నోటి నిండా దూది, గొట్టం, ఆయన రెండు వేళ్ళు ఉన్నప్పుడే ప్రశ్నలు వేసేవారు. "రాత్రి పూట తోముతాండావా?" అనేవారు. నేను ఏదో శబ్దం చేసేవాణ్ణి. "నాకు తెలుసు, తోమవు" అని నా తరఫున జవాబు కూడా ఆయనే చెప్పుకునేవారు. నేను నిజంగా తోమిన రోజు కూడా అంతే.

మా వాళ్ళందరికీ పళ్ళ మీద ఎవరి శాస్త్రం వాళ్ళకి ఉంది. పైపన్ను పీకితే కంటిచూపు పోతుందని మా మేనత్త చెప్పింది. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని డ్రైవరు నమ్మకం. ఆ రెండూ తప్పేనని ఆయన చెబితే సరిపోదు కదా, మేమిద్దరం ఒప్పుకునేదాకా వదిలేవారు కాదు. "గార తీస్తే పన్ను కదల్లేదప్పా. అది ఎప్పుడో కదిలింది, గార పట్టుకుని నిలబెట్టిండాది. ఆ గారే చిగుర్ని తినింది." గిన్నెలు తోమే అలవాటుతో నేను గట్టి కుచ్చు బ్రష్షు కొనుక్కున్నాను. దాన్ని నా ముందే చెత్తబుట్టలో పడేశారు. "పన్ను గిన్నె కాదు, పీచుతో రుద్దేదానికి. మెత్తంది తెచ్చుకో, చిగురు దగ్గర మెల్లగా తిప్పు. పొద్దున తోమేది ఎదుటోళ్ళ కోసం, రాత్రి తోమేది నీ కోసం."

చాయ్ గురించి ఆయన పెట్టిన పోరు ఇంతా అంతా కాదు. నేను రోజుకి ఆరుసార్లు చక్కెర దండిగా వేసిన పాల చాయ్ తాగేవాణ్ణి. ఒక్కో గ్లాసు గంటసేపు. "తాగు, వద్దనలా. గబుక్కున తాగి నీళ్ళతో పుక్కిలించు. గంటసేపు చప్పరిస్తాంటే పళ్ళు గంటసేపు పాకంలో నానుతాండాయి" అనేవారు. వంటవాడికి పాకం గురించి చెప్పడం. ఒకసారి షర్క్‌లో చేపల బజారుకి మా మామా పంపిస్తే వెళ్ళాను. మామా అంటే మేం పనిచేసే ఇంటి యజమానురాలు. రొయ్యలు బేరం చేస్తున్నాను. అంత గోలలో, అవతలి వరసలో నుంచి డాక్టరుగారు, "బ్రష్షు మార్చినావా లేదా? మూడు నెలలైంది" అని కేక. చుట్టూ ఈజిప్టు వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు. తెలుగు ఎవరికీ రాదు కాబట్టి బతికిపోయాను.

ఇంతగా వెంటపడే మనిషికి నేను చేసిందేమిటి? మూడోసారి వెళ్ళలేదు. రెండుసార్లకే నొప్పి పోయింది. నొప్పి పోయాక తొడుగెందుకు, సెలవులో మా అమలాపురంలో వేయించుకుంటే చాలనుకున్నాను. వేరు శుభ్రం చేసిన పన్ను పెళుసుగా ఉంటుంది, తొడుగు లేకపోతే విరుగుతుందని ఆయన చెప్పారు. చెప్పినట్టే విరిగింది. విరిగిన అంచు గాజుపెంకులా నాలుక ఎడమ పక్కన గీసుకుంటూ ఉండేది. ఆ ఏడాది మామా వాళ్ళ చిన్నమ్మాయి పెళ్ళని నా సెలవు వెనక్కి జరిగింది. దానికి తోడు నాకు ఖైనీ అలవాటు. ఇక్కడ దొంగచాటుగా దొరికేది, దొంగచాటుగా నమిలేవాణ్ణి. నాలుక మీద పుండు లేచింది. నొప్పి లేదు కాబట్టి లెక్కచేయలేదు. నొప్పి లేని పుండే ఎక్కువ భయపెట్టాలని నాకేం తెలుసు.

ఆయన పట్టుకున్నది క్లినిక్కులో కాదు. ఒక శుక్రవారం ఫహాహీల్‌లో మా ఊరివాళ్ళ ఫ్లాటులో పదిమందిమి భోజనాలు పెట్టుకున్నాం. పులిహోర నాది. అందరూ తిని బాగుందంటున్నారు. డాక్టరుగారు పులిహోర గురించి ఒక్క ముక్క అనకుండా, "నువ్వు కుడిపక్కనే నములుతాండావు. ఎందుకు?" అన్నారు.

"ఏం లేదండి, ఊరికేనండి."

"రోంత నోరు తెరువప్పా."

"ఇక్కడాండీ?"

ఇక్కడే. ఫోన్ లైటు వేసి, కాగితం రుమాలుతో నా నాలుక పట్టుకుని పక్కకి లాగారు. పదిమందీ పళ్ళేలు పట్టుకుని చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పుండు అంచు వేలితో నొక్కి చూశారు. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని సిద్ధపడ్డాను. ఆయన లైటు ఆర్పి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. ఆయన తిట్టకపోవడం అదే మొదటిసారి, నాకు అప్పుడు భయం వేసింది.

మర్నాడే పిలిపించి విరిగిన అంచు నున్నగా అరగదీశారు. "రాపిడికి లేచిన పుండయితే రెండు వారాల్లో మానిపోతాది. మానకపోతే రోంత ముక్క తీసి పరీక్షకు పంపాల. రెండు వారాలకు రా. ఆ ఖైనీ ఈ పొద్దుతో బంద్" అన్నారు. రెండు వారాలయ్యాయి. పుండు మానలేదు. నేను వెళ్ళలేదు. నోట్లో పుండున్న వంటవాణ్ణి ఏ ఇంట్లో ఉంచుకుంటారు? ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి విమానం ఎక్కిస్తారు. మా అమ్మాయికి ఇంకా రెండేళ్ళ చదువు మిగిలి ఉంది. ఇంకో నాలుగు నెలల్లో సెలవు ఎలాగూ ఉంది, అక్కడే గుట్టుగా చూపించుకుందామనుకున్నాను. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్రైవరు చేత కబురు పంపిస్తే, ఊరు వెళ్ళిపోయానని చెప్పమన్నాను.

ఊరెళ్ళిన మనిషిని వెతుక్కుంటూ ఆయన ఎగైలా వచ్చి బెల్లు కొట్టారు. నేను చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. మామా బయటికి వచ్చింది. ఆయన అరబ్బీలో చెబుతున్నారు. నాకు రెండే మాటలు తెలిశాయి. లిసాన్ అంటే నాలుక, ముస్తష్ఫా అంటే ఆసుపత్రి. మామా నా వైపు తిరిగి చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం, "యల్లా, పొయ్యి కట్టెయ్, చొక్కా మార్చుకుని రా" అంది. తర్వాత రెండు రోజులకి మాత్రం అడిగింది, ఆ నోటితో తన కూరలు ఎన్నాళ్ళుగా రుచి చూస్తున్నావని.

ఆయన కారులో కూర్చోగానే నాకు కోపం ఆగలేదు. "మిమ్మల్నెవరు సెప్పమన్నారండి ఆవిడికి? నా పొట్ట మీద కొట్టారండి."

"పని పోతే ఇంగో ఇంట్లో దొరుకుతాది. నాలిక యాడ దొరుకుతాది, చెప్పు?"

కారు తిన్నగా ఆసుపత్రికి పోనిచ్చారు. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపించారు. చెడ్డ పుండే. మొదట్లోనే దొరికింది కాబట్టి ఎడమ అంచు కొంత కోసేస్తే సరిపోతుందన్నారు ఆసుపత్రి డాక్టర్లు. ఆ నాలుగు నెలలు ఆగివుంటే ఎంత కోయాల్సి వచ్చేదో నేను అడగలేదు.

ఆపరేషన్ అయ్యాక ఆయన పోరు తగ్గుతుందనుకున్నాను. ఎక్కువైంది. కుట్లు ఊడాక నా నోట ళ పలకడం మానేసింది. నాలుక వెనక్కి మడవాలి కదా, మడిస్తే లాగేది. అన్నీ ల అయిపోయాయి. రోజూ సరిగ్గా నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడే ఫోన్ చేసేవారు.

"చెప్పు. కళ్ళు."

"కల్లు."

"కల్లు తాగేదప్పా. నేను చూసేది అడుగుతాండా. కళ్ళు."

"కల్లండి."

"నీ ఇష్టం వచ్చినట్ల తాగుతాండావు. సరే, చేపలో ఉంటాయే, అవి చెప్పు. ముళ్ళు."

ఒక చేత్తో గరిటె, భుజానికీ చెవికీ మధ్య ఫోన్, నోట్లో కళ్ళు పళ్ళు నీళ్ళు ముళ్ళు. మామా మనవలు ఇద్దరు వంటింట్లోకి వచ్చి నాతో పాటు వల్లించేవారు. అరబ్బీ పిల్లలకి పళ్ళు అన్న మాట నాకంటే ముందే వచ్చేసింది. నలభై రోజులకి నాకు ళ వచ్చింది. మామా ఇంటి వంట మళ్ళీ నేనే రుచి చూడటం మొదలుపెట్టాను. ఎడమ అంచున రుచి తెలియదు, కుడివైపుకి తిప్పుకుని చూస్తాను. పళ్ళు అని తేటగా పలికిన రోజు ఆయనకి ఫోన్ చేసి వినిపించాను. మెచ్చుకుంటారనుకున్నాను. "రాత్రి తోముకున్నావా?" అన్నారు.

ఇది జరిగి మూడేళ్ళు. మూడు నెలలకోసారి వెళ్ళడం, నాలుక చూపించడం, పావుగంట తిట్లు తినడం అలవాటైపోయింది. ఇప్పుడు ఇంతసేపూ రాయకుండా నెట్టుకొచ్చిన ముక్క రాయాలి. పోయినసారి వెళ్ళినప్పుడు ఆయన నా నాలుక చూస్తూ చూస్తూ మధ్యలో ఆగి, స్టూలు మీద కూర్చున్నారు. చెమట పట్టింది. ఏసీ నడుస్తూనే ఉంది.

"ఏటండి, ఒంట్లో బాగోలేదా అండి?"

"ఏం ల్యా. రోంత ఆయాసం. మెట్లెక్కితే ఎదలో పట్టేసినట్లుంటాది. ఇంగో మూడు నెలలకు సెలవుకు పోతాండా గదా, చూపించుకుంటాలే."

నేను "ఆయ్, సరేనండి" అన్నాను. అంతే అన్నాను. చెప్పులేసుకుని మెట్లు దిగి బస్సెక్కి వచ్చేశాను. ఆయన నా కోసం ఒక ఇంటి బెల్లు కొట్టారు. నేను ఆయన ఇంటికి వెళ్ళి వాళ్ళావిడకి ఒక మాట చెప్పాల్సింది. ఆయన చేత తిట్లు తినాల్సింది, నా పొట్ట కొట్టావని అనిపించుకోవాల్సింది. సెలవు అన్న మాట వినగానే మనవాడికి అది ఎంత సబబుగా వినిపిస్తుందో చూడండి. డాక్టరు కదా, ఆయనకి తెలియదా అనుకున్నాను. ఆయన నిలబెట్టిన నాలుకతో ఆయనకి పనికొచ్చే మాట ఒక్కటి కూడా చెప్పలేకపోయాను. ఆయన మీద కోపమని మొదట రాశాను. అది సగమే నిజం.

ఆయన్ని ఇక్కడే ఖననం చేశారు. నేను నెత్తిన రుమాలు కట్టుకుని వెళ్ళాను. కడప వాళ్ళు, హైదరాబాదు వాళ్ళు, మా గోదావరి వాళ్ళు, క్లినిక్కు కింద దుకాణాల మలయాళీలు, ఇద్దరు ముగ్గురు కువైటీలు. పిడికెడు మట్టి వేసి అందరూ పక్కకి జరుగుతున్నారు. నేను కూడా వేసి జరిగాను.

నెల తిరిగేసరికి నా నాలుక చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. ఈ నెలలో ఎడమ పక్క ఏదో గరుగ్గా తగులుతున్నట్టుంది. అద్దంలో చూసుకోవడానికి ధైర్యం చాలలేదు. సెలవు ఎప్పుడా అని లెక్కపెట్టుకోబోయి, సిగ్గేసి, బస్సెక్కాను. ఆయన గదిలో ఇప్పుడొక మలయాళీ డాక్టరమ్మ. చిన్న వయసు. నా ఫైలు మొత్తం చదివింది. నాలుక పట్టుకుని ఎడమ, కుడి, కింద అంతా చూసింది. వేలితో నొక్కింది. అంతా శుభ్రంగా ఉంది, ఆ గరుకు కుట్ల మచ్చే, భయపడకండని హిందీలో చెప్పింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లైటు ఆర్పి, చేతి తొడుగులు తీసేసి, ఇక నోరు మూసుకోవచ్చంది. నేను మూయలేదు. తిట్లు ఇంకా మొదలవలేదు కదా. ఆవిడ కంప్యూటర్లో ఏదో రాసుకుని, తిరిగి చూసి, నేను అలాగే నోరు తెరుచుకుని ఉండటం చూసింది. నొప్పి ఉందా అని అడిగింది. ఉందని తల ఊపాను. ఆవిడ మళ్ళీ లైటు వేసి, దగ్గరికి వంగి, ఎక్కడో చూపించమంది.